పర్లాకిమిడి నుండి మిలాన్ దాకా: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

(ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో పుట్టి పెరిగి, భువనేశ్వర్‌లో బి.ఆర్క్. (ఆర్కిటెక్చరు డిగ్రీ) పూర్తిచేసి, ఇటలీలోని మిలాన్ నగరంలో రెండేళ్ళు పై చదువు చదివి వచ్చిన ఒక యువ ఆర్కిటెక్టును ఈ నెల మా పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు ఇవ్వవలసిందిగా కోరాము. వచ్చిన ఉత్తరాలలో ఐదింటిని ఆమె ఎంచుకున్నారు.)

ప్రశ్న: మాది పట్టు నేసే కుటుంబం. మా ఇంట్లో ఇప్పటికీ గుంటమగ్గం నడుస్తోంది. మా అమ్మాయి బి.ఆర్క్. చివరి సంవత్సరం చదువుతోంది, ఇటలీ వెళ్తానంటోంది. విశాఖపట్నంలో ఒక కన్సల్టెన్సీ వారు దాని బొమ్మలు అంతర్జాతీయ స్థాయిలో లేవనీ, పోర్ట్‌ఫోలియో తామే తయారుచేసి ఇస్తామనీ, అరవై వేలు అవుతుందనీ చెప్పారు. కట్టమంటారా?
– ఒక తల్లి, బరంపురం

జవాబు: వద్దండీ. ఆ అరవై వేలు మీ దగ్గరే ఉంచుకుంటే మిలాన్‌లో దాదాపు ఒక నెల గది అద్దెకు పనికివస్తాయి.

పోర్ట్‌ఫోలియో అంటే విద్యార్థి తాను చేసిన పనులలో కొన్నింటిని ఏరి కూర్చుకున్న చిన్న పుస్తకం. ఎన్ని పుటలు ఉండాలో, ఫైలు ఎంత బరువుండాలో ఆయా విశ్వవిద్యాలయాల ప్రకటనలలోనే ఉంటుంది. డబ్బు తీసుకుని తయారుచేసి పెట్టేవి నేను చాలా చూశాను. అన్నీ ఒకే అచ్చులో పోసిన బెల్లం దిమ్మల్లా ఉంటాయి: సంధ్యవేళ ఆకాశం, గాజు గోడలు, ఆ గోడల ముందు గాలిపటం ఎగరేస్తున్న ఒక పిల్లవాడు. ప్రతి ఏటా వందల కొద్దీ పోర్ట్‌ఫోలియోలు తిరగేసే అధ్యాపకులకు ఆ పిల్లవాడు ఎప్పుడో పరిచయమైపోయి ఉంటాడు.

నా పోర్ట్‌ఫోలియో నేనే చేసుకున్నాను గాని, నిజం చెప్పాలంటే అందులోనూ అటువంటి బొమ్మలే ఎక్కువ. సీటు వచ్చింది కాబట్టి అవి బాగున్నాయనే అనుకున్నాను. నా పొరపాటు మొదటి సమీక్షలో బయటపడింది. అక్కడ స్టూడియోలో కొన్ని వారాలకొకసారి గీసిన కాగితాలన్నీ గోడకు అంటించి, తోటి విద్యార్థులందరి ముందూ ఆచార్యులకు వివరించాలి. నేను ఒక చిన్న గ్రంథాలయం గీశాను. కిటికీలన్నింటికీ, నాలుగు వైపులా, మన ఇళ్ళకు పెట్టినట్టే మూడడుగుల సన్‌షేడ్ పెట్టాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత పెన్సిలు తీసి, ఉత్తరపు గోడ మీది సన్‌షేడ్‌ను చూపించి, "ఇది ఏ ఎండ నుండి కాపాడుతోంది?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు.

మిలాన్ 45 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ ఏడాది పొడవునా మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణానే ఉంటాడు. డిసెంబరు చివరలో మిట్టమధ్యాహ్నం కూడా దిగంతానికి 21 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. పర్లాకిమిడి ఉన్నది 19 డిగ్రీలకు కాస్త కింద. అదే రోజున మన సూర్యుడు సుమారు 48 డిగ్రీల ఎత్తున ఉంటాడు. కనుక దక్షిణం వైపు పై అంచు 7 అడుగుల ఎత్తున ఉన్న కిటికీ నుండి మన ఇంట్లోకి ఎండ 6 అడుగుల పైచిలుకు వస్తే, అక్కడ 18 అడుగుల దాకా సాగి ఎదుటి గోడను పట్టుకుంటుంది. ఆ చలిలో ఆ ఎండ కోసం జనం కుర్చీలు జరుపుకుంటారు. ఇంకొక సంగతి కూడా ఆ రాత్రి లెక్కవేసుకున్నాకే నాకు తెలిసింది. మే నడుమ నుండి జులై చివరి దాకా మన సూర్యుడు మధ్యాహ్నం నడినెత్తి దాటి కొద్దిగా ఉత్తరానికి జరుగుతాడు. అంటే మన ఊళ్ళో ఉత్తరపు సన్‌షేడ్‌కు అర్థం ఉంది. నేను పెరిగిన ఇంటి అలవాటును, దాని కారణం తెలియకుండానే, ఆ కారణం లేని ఊరికి మోసుకుపోయానన్నమాట.

మరుసటి వారానికి ఆయన నాకు ఇచ్చిన పని, నేను పెరిగిన ఇంటిని కొలతలతో సహా సెక్షన్ (నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) గీసి తీసుకురావడం. ఆ ఇంట్లోనే పెరిగాను గాని, వీధరుగు ఎత్తెంతో చెప్పలేకపోయాను. అమ్మకు ఫోన్ చేస్తే, ఆవిడ జాకెట్లు కుట్టే టేపుతో కొలిచి ఒక్కొక్కటీ చెప్పింది: అరుగు 19 అంగుళాలు, గడప 5 అంగుళాలు, పెరటి వైపు చూరు 5 అడుగుల 4 అంగుళాలు. "మీ నాన్నగారు ముప్పై ఏళ్ళుగా అక్కడ తల వంచుకునే వస్తున్నారు, అది కూడా రాసుకో" అంది. రాసుకున్నాను. చూరు కింద తల వంచిన మనిషిని గీశాను. తరువాతి సమీక్షలో ఆచార్యులు అన్నింటికంటే ఎక్కువసేపు నిలబడి చూసిన కాగితం అదే.

కాబట్టి మీ అమ్మాయిని ఈ సెలవుల్లో మీ మగ్గం గదిలో కూర్చోబెట్టండి. గుంట లోతెంత, కూర్చునే అంచు వెడల్పెంత, తొక్కుడు చెక్కలకు కాలు ఎంత దూరంలో అందుతుంది, పడుగు సాగడానికి గది పొడవు ఎంత కావలసివచ్చింది, పన్నె (పడుగు పోగులను విడదీసే దువ్వెన) మీద వెలుతురు పడడానికి కిటికీ ఏ వైపున, ఏ ఎత్తున పెట్టారు, వానాకాలంలో గుంటలోకి చెమ్మ ఊరితే మీరేం చేస్తారు, ఇవన్నీ కొలిచి, అడిగి, చేత్తో గీయమనండి. మనిషి కూర్చున్న కొలత నుండి గది కొలత పుట్టడానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. అయితే మగ్గం ఫోటో ఒకటి, చీర అంచులోని కుంభాల వరుస ఒకటి పెట్టి, పైన "మా వారసత్వం" అని పెద్దక్షరాలతో రాస్తే మాత్రం అది కూడా గాలిపటం పిల్లవాడితో సమానమే అవుతుంది.

మీ అమ్మాయి మగ్గానికి దూరంగా పోవాలనే ఈ చదువు ఎంచుకుందేమోనన్న బెంగ మీ ఉత్తరంలో కనిపించింది. జర్మనీలోని వైమార్‌లో 1919లో వాల్టర్ గ్రోపియస్ స్థాపించిన బౌహౌస్ పాఠశాల పేరు ఆమె పాఠాల్లో తప్పక విని ఉంటుంది. అక్కడ నేతకు ప్రత్యేకంగా ఒక కార్యశాల ఉండేది. దానికి పెద్దగా పనిచేసిన మహిళ పేరు గుంటా ష్టోల్జల్. గుంటమగ్గం ఇంటి పిల్లకు ఆ పేరు గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు.

ప్రశ్న: అక్కా, నాది ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఇంగ్లీషులో మాట్లాడాలంటే నోరు పెగలదు. ఇటలీలో పరీక్షలు కూడా నోటితోనే పెడతారని విన్నాను. నిజమేనా?
– ప్లస్ టూ విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: నిజమే తమ్ముడూ. స్టూడియో పని కాకుండా చరిత్ర, సిద్ధాంతం వంటి విషయాలలో చాలావాటికి అక్కడ మౌఖిక పరీక్షలే ఉంటాయి. ఆచార్యుల ఎదుట కూర్చుని సమాధానం చెప్పాలి. వెనుక బెంచీల మీద తమ వంతు కోసం చూస్తున్నవారు వింటూనే ఉంటారు. మార్కులు 30కి వేస్తారు, 18 వస్తే గట్టెక్కినట్టు. మనకు వింతగా తోచేదేమిటంటే, వచ్చిన మార్కు నచ్చకపోతే వద్దని చెప్పి మరొక విడతలో మళ్ళీ పరీక్షకు కూర్చోవచ్చు. నేను ఒకసారి 22 వద్దన్నాను. ఆ మాట పైకి అనడానికే నాకు పరీక్షకంటే ఎక్కువ ధైర్యం కావలసివచ్చింది.

ఆ రెండవ విడతలో నన్ను మిలాన్‌లోని సంత్ అంబ్రోజియో చర్చి గురించి అడిగారు. నాలుగవ శతాబ్దంలో బిషప్ అంబ్రోజ్ కట్టించగా, ఇప్పుడు కనిపించే ఇటుక కట్టడం చాలావరకు పన్నెండవ శతాబ్దం నాటిది. లోపలికి పోకముందే నాలుగు వైపులా కప్పు ఉన్న వసారా, మధ్యలో ఆకాశానికి తెరిచిన ఆవరణ ఉంటాయి. సరిగ్గా ఆ ఆవరణను ఏమంటారో ఆ మాట నాకు తట్టలేదు. నోట్లోకి "మండువా" అన్న మాటే వచ్చింది. అదే అనేసి, కాగితం తీసుకుని నాలుగు గీతలు గీసి, మా ఊళ్ళో ఇళ్ళకు ఇలా ఉంటుందని చెప్పాను. ఆయన నవ్వి, ఇంటికీ గుడికీ ఆ ఖాళీ చేసే పనిలో తేడా ఏమిటని అడిగారు. మిగిలిన పరీక్ష అంతా ఆ ఒక్క ప్రశ్న మీదే నడిచింది. నాకు 27 వచ్చింది.

నీ ఇంగ్లీషు గురించి భయపడవద్దు, కాని నిర్లక్ష్యం కూడా చేయవద్దు. ప్రవేశానికి భాషా పరీక్షలో ఇంత రావాలని ఆయా విశ్వవిద్యాలయాలు నియమం పెడతాయి. దానికి ఇప్పటి నుండి రోజుకొక పుట గట్టిగా చదవడమే సాధన. అక్కడి సంతలో కూరగాయలు కొనడానికి, పోస్టాఫీసులో పని చేయించుకోవడానికి మాత్రం ఇటాలియన్ కావాలి. తెలుగును "ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్" అంటారని మనం గొప్పగా చెప్పుకుంటాం గాని, ఆ సంగతి అక్కడివారెవరికీ తెలియదు. అయితే మాటలు చాలావరకు అచ్చులతోనే ముగుస్తాయి కనుక మన నోటికి అవి త్వరగానే పట్టుబడతాయి.

ప్రశ్న: మా మనవడు జర్మనీలో చదువు ఉచితమంటున్నాడు. ఉచితమైతే బ్యాంకులో అంత డబ్బు చూపించమనడం ఎందుకు? ఇటలీలో ఉపకారవేతనాలు వస్తాయన్నది ఎంతవరకు నిజం? మా ఇల్లు ఇక్కడ, పొలం సాలూరు దగ్గర.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, జయపురం

జవాబు: మాస్టారూ, జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో చాలావాటికి బోధన రుసుము లేదన్నది నిజమే. బాడెన్–వుర్టెంబెర్గ్ రాష్ట్రం మాత్రం యూరోపియన్ యూనియన్‌కు బయటి విద్యార్థుల నుండి సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటుంది. అయితే బోధన ఉచితం గాని బతుకు ఉచితం కాదు. ఏడాది ఖర్చులకు 11,904 యూరోలు ముందే ఒక ప్రత్యేక ఖాతాలో వేసి చూపించాలని 2024 సెప్టెంబరు నుండి నియమం. ఆ డబ్బు ఎక్కడికీ పోదు, నెలకు 992 యూరోల చొప్పున మీ మనవడి చేతికే తిరిగి వస్తుంది. దీనికి ముందుగా ఏ.పి.ఎస్. అనే సంస్థ వద్ద సర్టిఫికెట్లను పరిశీలింపజేసుకోవాలి. దానికి సమయం పడుతుంది కనుక ఆ పనితోనే మొదలుపెట్టమనండి.

ఇటలీలో కుటుంబ ఆదాయాన్ని బట్టి ప్రాంతీయ ప్రభుత్వాలు ఇచ్చే ఉపకారవేతనాలు ఉన్నాయి. మొదటి ఏడాది తరువాత అవి కొనసాగాలంటే నిర్ణీత సంఖ్యలో క్రెడిట్లు సాధించాలి. కష్టమంతా కాగితాల దగ్గరే. కుటుంబ సభ్యులెందరో, ఆదాయమెంతో, ఇల్లూ పొలమూ ఏమున్నాయో ధ్రువపత్రాలు తెచ్చి, ఇటాలియన్‌లోకి అనువదింపజేసి, ముద్రలు వేయించాలి. సరిహద్దులో ఉండే మనబోటివారికి ఇది రెండింతల పని. ఆదాయపు కాగితం ఒడియాలో ఇక్కడి తహసీల్దారు ఇస్తారు, పొలం కాగితం తెలుగులో అక్కడి తహసీల్దారు ఇస్తారు, ఒక కాగితంలో ఇంటిపేరు ముందు ఉంటే మరొక దానిలో వెనుక ఉంటుంది. మా నాన్నగారి పేరు మూడు కాగితాలలో మూడు రకాలుగా ఉండడంతో, ఆ ముగ్గురూ ఒకరేనని నోటరీ దగ్గర ప్రమాణపత్రం రాయించవలసివచ్చింది. మీరు ఆ పని ఈ వేసవిలోనే చూసుకోండి.

ఇంకొక హెచ్చరిక నా సొంత నష్టం నుండి. వెళ్ళకముందే గది ఖాయం చేసుకోవాలన్న తొందరలో, ఇంటర్నెట్‌లో ఫోటోలు చూసి ఒక అపరిచితుడికి 400 యూరోలు బయానా పంపాను. సూట్‌కేసు లాక్కుంటూ వెళ్ళి చూస్తే ఆ వీధి 31వ నంబరుతో ఆగిపోయింది. నేను డబ్బు కట్టిన ఇల్లు 47వ నంబరు. మొదటి రెండు వారాలు విశ్వవిద్యాలయపు వసతిగృహంలోనో, తెలిసినవారి దగ్గరో గడిపి, గదిని కళ్ళతో చూసి, తాళం తీసి, కుళాయి తిప్పి చూశాకే డబ్బు ఇవ్వాలి. అలాగే దిగిన ఎనిమిది పనిదినాలలోపు పోస్టాఫీసు ద్వారా నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలి. దాని మీద 16 యూరోల స్టాంపు అంటించాలి, ఆ స్టాంపు పొగాకు దుకాణాలలో అమ్ముతారు. ఆ దుకాణం కోసం నేను పోస్టాఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగాను.

ప్రశ్న: విదేశాలలో ఆర్కిటెక్చరు చదివి వస్తే ఇక్కడ ఆర్కిటెక్టుగా పనిచేయవచ్చా?
– రాయగడ నుండి ఒక విద్యార్థిని

జవాబు: 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే "ఆర్కిటెక్టు" అన్న బిరుదు పెట్టుకోవాలి. నమోదుకు ఆ చట్టం గుర్తించిన డిగ్రీ ఉండాలి, అన్ని విదేశీ డిగ్రీలకూ ఆ గుర్తింపు లేదు. చట్టం నిషేధించేది ఆ బిరుదును వాడడాన్నే గాని భవనాల రూపకల్పన చేయడాన్ని కాదని సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పింది. అయినా ప్రభుత్వ పనులలోను, ప్లాన్ల ఆమోదంలోను నమోదు సంఖ్య అడుగుతూనే ఉంటారు. అందువల్ల, చెల్లెమ్మా, అయిదేళ్ళ బి.ఆర్క్. ఇక్కడే చదివి నమోదు చేసుకుని, పై చదువుకు వెళ్ళడమే మేలని నా అభిప్రాయం. నేను చేసిందీ అదే. ఫర్నిచర్, వస్త్రాలు, గ్రాఫిక్స్ వంటి డిజైన్ శాఖలకు ఈ చట్టంతో పని లేదు.

ప్రశ్న: నేను తాపీమేస్త్రిని. సెంట్రింగు లేకుండా ఎక్కడో పెద్ద గుమ్మటం కట్టారని మా అబ్బాయి ఫోనులో చూపించాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. మా నాన్న గానుగ సున్నంతో పనిచేసినవాడు. ఆయన కూడా చిన్న కమానుకైనా కింద చెక్కలు పెట్టేవాడు. మీరు చూసి ఉంటే వివరంగా చెప్పండమ్మా.
– ఒక మేస్త్రి, గుణుపురం

జవాబు: మేస్త్రిగారూ, వచ్చిన ఉత్తరాలన్నింటిలో నన్ను ఎక్కువ ఊరించింది మీదే. ఆ గుమ్మటం ఫ్లారెన్స్ నగరంలోని పెద్ద చర్చి మీదిది. దానిని 1420లో మొదలుపెట్టి 1436లో ముగించారు. కట్టించినవాడు ఫిలిప్పో బ్రూనెల్లెస్కీ. మీకు నవ్వు రావచ్చు, ఆయన మేస్త్రి కాదు, కంసాలి పని నేర్చుకున్నవాడు. గుమ్మటం వెడల్పు 140 అడుగుల పైమాటే. పైగా అది మొదలయ్యేదే నేలకు 50 మీటర్లకు పైన. అంత ఎత్తుకు, అంత వెడల్పుకు కింద నుండి సెంట్రింగు నిలబెట్టాలంటే కావలసిన కలప దొరకదు, దొరికినా తన బరువుకు తానే కుంగిపోతుంది. మీ నాన్నగారు కమానుకు చెక్కలు పెట్టడం సరైనదే. కమానుకు నడిమి ఇటుక పడేదాకా నిలకడ ఉండదు. గుమ్మటం కథ వేరు.

మీరు బావికి ఇటుక ఒర కట్టే ఉంటారు. చుట్టూ మట్టి లోపలికి నెడుతున్నా ఒర ఎందుకు పడదు? ఒక్కొక్క ఇటుకా పక్క ఇటుకను ఒత్తుకుని ఉంటుంది కనుక. గుమ్మటంలోనూ ఒక వరుస పూర్తిగా చుట్టి కలిసిందంటే ఇక అది లోపలికి పడలేదు. ఆ గుమ్మటం చూడడానికి ఎనిమిది పలకలుగా ఉన్నా, గోడ మందంలో ఒక గుండ్రని ఒర ఇమిడిపోతుంది. చిక్కల్లా ఆ వరుస కలిసేలోపు వస్తుంది. గోడ లోపలికి వాలుతున్నకొద్దీ ఇటుక పరుపు కూడా వాలుతుంది, సున్నం నెమ్మదిగా గట్టిపడుతుంది, ఈలోగా తడి మీద ఇటుక జారిపోతుంది. దానికి ఆయన చేసిన ఉపాయం, కొన్ని అడ్డ ఇటుకలకు ఒకసారి ఒక ఇటుకను నిలువుగా నిలబెట్టడం. ఆ నిలువు ఇటుక కింది వరుసల్లో పాతుకుని, పైకి గూటంలా పొడుచుకుని ఉంటుంది. రెండు గూటాల మధ్య ఇరికిన అడ్డ ఇటుకలు ఇక జారవు. తరువాతి వరుసలో నిలువు ఇటుక ఒక ఇటుక పక్కకు జరుగుతుంది. అలా వరుస వరుసకూ జరుగుతూ పోయేసరికి ఆ నిలువు ఇటుకలు చేప వెన్నెముకలా మెలితిరిగి పైదాకా పోతాయి. గుమ్మటం బయటికి తన్నకుండా ఇసుకరాతి దిమ్మెలను ఇనుప కొక్కేలతో కలిపి, చుట్టూ గొలుసుల్లా బిగించారు.

గోడ ఒకటి కాదు, రెండు. ఆ రెండింటి నడుమ నుండే మెట్లు. మొత్తం 463 మెట్లు ఎక్కితే పైకి చేరతాం. నేను సగంలో ఆగాను, ఆయాసం ఒక కారణమైతే, ఆ నిలువు ఇటుకలు గోడలో కొన్నిచోట్ల కంటికి కనబడడం రెండవ కారణం. వెనుక నుండి వచ్చేవారు దారి ఇమ్మని అరుస్తుంటే గోడకు అతుక్కుని చేత్తో తడిమి చూశాను. మన ఇటుకకంటే పొడవైనది, పలుచనిది. అతుకు మందం నా చిటికెనవేలంత ఉంది.

మీ నాన్నగారి గానుగ గురించి రాశారు కనుక ఈ సంగతి కూడా చెప్పాలి. ఆ బరువులన్నీ పైకెత్తడానికి బ్రూనెల్లెస్కీ ఎద్దులతో తిప్పే ఒక యంత్రం చేయించాడు. ఎద్దు గానుగ చుట్టూ తిరిగినట్టే తిరుగుతుంది, మోకు చుట్టుకుని బరువు లేస్తుంది. దించాలంటే ఎద్దును కాడి విప్పి వెనుకకు తిప్పాలి కదా. ఆ పని లేకుండా పళ్ళచక్రాలు రెండు పెట్టి, మర (స్క్రూ) తిప్పి ఒకదాన్ని విడిపించి రెండవదాన్ని తగిలించేలా ఏర్పాటు చేశాడు. ఎద్దు ఒకే వైపు నడుస్తూనే ఉంటుంది, బరువు మాత్రం దిగుతుంది.

ఇక నాదొక ప్రశ్న మీకు. గుణుపురంలోగాని, వంశధార ఒడ్డు ఊళ్ళలోగాని మీ నాన్నగారు గానుగ సున్నంతో కట్టిన గోడ ఏదైనా ఇంకా పడగొట్టకుండా ఉంటే, ఏ వీధిలో ఉందో, ఎవరిని అడగాలో పత్రిక చిరునామాకు రాయగలరా? సంక్రాంతి సెలవులకు టేపు, కాగితాలు పట్టుకుని వస్తాను.